తీసేసిన కోర్సు

ఒక్క సీటు ఖాళీ అయితే చాలు. ఎవరో ఒకరు, భయపడో బద్ధకించో, ఇంట్లోవాళ్ళు వద్దన్నారనో, ఆ లెక్కల రుజువుల క్లాసు వదిలేసి వెళ్ళిపోవాలి, తెర మీద సున్నా పోయి ఒకటి రావాలి, ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరో ఒక పిల్లాడు క్లాసు మానెయ్యాలని మొక్కుకోవడం ఇదే మొదటిసారి, అదీ కంప్యూటరుకి మొక్కుకోవడం, సిగ్గులేకపోతే సరి. ఐదింటికి కోర్సుల మార్పులు మూసేస్తారు. ఆ తర్వాత ఎవరు ఏ క్లాసులో ఉంటే ఆ క్లాసే, సెమిస్టరు ఆఖరిదాకా, నెత్తీనోరూ కొట్టుకున్నా అంతే. గోడ గడియారంలో నాలుగు దాటింది, పెద్దముల్లు కిందికి జారుతోంది. నా పనేమిటంటే కాలేజీలో కొత్తగా చేరిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ మేజర్, అంటే ఏ ప్రధాన సబ్జెక్టు, తీసుకుంటే బాగుంటుందో, దానికి ఏ సెమిస్టర్లో ఏ క్లాసులు చదవాలో, ఏది ముందు ఏది వెనక, ఏది వదిలితే ఏది దొరకదో చెప్పడం. వాళ్ళు నాకు చాటుగా పెట్టుకున్న పేరు టైమ్‌టేబుల్ బాబాయి. చాటుగా అని వాళ్ళనుకుంటారు గానీ నాకెప్పుడో తెలుసు, తెలిసి లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి కూడా, బాబాయి అన్నారంటే మనవాడనుకున్నారన్నమాట అని. ఇవాళ ఆ పేరు తలుచుకుంటే ఒళ్ళు చిరచిరలాడుతోంది.

మధ్యాహ్నం టీ దగ్గర ఆ క్లాసు చెప్పే లెక్కల లెక్చరరు నోరు విప్పకపోయి ఉంటే నేనీ పాటికి కుర్చీలో వెనక్కి వాలి హాయిగా ఉండేవాణ్ణి. ఆయన మామూలుగా ఎవరితోనూ మాట్లాడడు, చొక్కా చేతుల నిండా సుద్దపొడి, కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు. అలాంటాయన నా దగ్గరికొచ్చి, "మీ అమ్మాయొకతి నా క్లాసులో కూర్చుంటోందండీ," అన్నాడు. మా అమ్మాయేమిటి, దాని చదువైపోయి ఉద్యోగం కూడా చేసుకుంటోంది కదా అని నేను బిత్తరపోతే, "అదేనండీ, మీరు సలహా చెప్పే పిల్లల్లో ఒకమ్మాయి. రిజిస్టరు కాలేదు. మొదటి రోజు నుంచీ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. అందరితోపాటు లెక్కలు చేసుకొచ్చి, మార్కులొద్దు సార్, తప్పులు చెప్పండి చాలు అంటుంది. మరి చేరొచ్చు కదమ్మా అంటే, మా అడ్వైజర్ సార్ తీసేశారండీ అంది," అన్నాడు. బాగా చేస్తుందా అనడిగాను. ఆయన కప్పు కింద పెట్టి నా వంక చూసిన చూపు ఇంకా మర్చిపోలేకుండా ఉన్నాను. "మొన్న బోర్డు మీద నేనే రుజువులో ఒక మెట్టు ఎగరగొట్టాను. అందరూ అలాగే రాసేసుకున్నారు. ఆ పిల్ల చెయ్యెత్తింది, ఎత్తి మళ్ళీ దించేసుకుంది. క్లాసంతా వెళ్ళాక వచ్చి చెప్పింది. అప్పుడే ఎందుకడగలేదమ్మా అంటే, నేను ఈ క్లాసు పిల్లని కాదు కదండీ అంది." చెయ్యెత్తి దించేసుకుంది. ఆ చెయ్యి దించింది నేను. టీ చల్లారిపోయింది, ఆయన వెళ్ళిపోయాడు, పోతూ పోతూ, క్లాసు నిండిపోయిందనీ, డిపార్ట్‌మెంటు గీసిన గీత తను దాటలేననీ, ఎవరైనా దిగితేనే ఇంకొకరు ఎక్కేదనీ, అదీ ఇవాళ ఐదింటిలోపేననీ చెప్పాడు.

ఆ అమ్మాయి మొహం గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది, నా సిగ్గులో సగం అదే. చేరిన కొత్తలో రోజుకెంతమంది వస్తారు, ఒకరు లేస్తుంటే ఇంకొకరు తలుపు తోస్తారు, అందరివీ అవే బ్యాగులు, అవే భయాలు. తర్వాత ఒక్కసారిగా గుర్తొచ్చింది, జడ ముందుకేసుకుని దాని కొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్న పిల్ల. నేను అందరినీ అడిగేదే ఆ పిల్లనీ అడిగాను, ఏ క్లాసులో కూర్చుంటే నీకు గడియారం వంక చూడబుద్ధి కాలేదమ్మా అని. మేజర్ ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదని నా నమ్మకం, కొత్తగా చేరే అడ్వైజర్లకి కూడా నేనే నేర్పిస్తుంటాను. "లెక్కలండీ," అంది. వెంటనే చెప్పింది, తడుముకోలేదు. "మా టీచరమ్మ స్కూలయ్యాక కూడా నన్ను కూర్చోబెట్టుకుని..." అంటూనే కళ్ళంట బొటబొటా నీళ్ళు కారిపోయాయి. నేనేం చేశాను? ఆగి ఎందుకమ్మా అన్నానా? అనలేదు. ఏడుపు కనబడగానే నా చెయ్యి దానంతటదే వెళ్ళి కాగితం రుమాళ్ళ డబ్బాని ముందుకి తోసింది, నా నోరు దానంతటదే మొదలుపెట్టింది. "అయ్యో, భయపడకమ్మా. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది. ఈ రుజువుల క్లాసుంది చూశావూ, పెద్ద బరువు. సగంమంది మధ్యలోనే దిగిపోతారు. ఇప్పుడే నెత్తిన పెట్టుకోవడమెందుకు, తర్వాత చూద్దాం, సరేనా?" అన్నాను. సరే సార్ అంది. ఆ కోర్సు తీసేశాను. నా చేత్తో నేనే, ఒక్క నొక్కు. దాని చోట ఏం పెట్టానో తెలుసా, ఉపన్యాస కళ. వేదికెక్కి మాట్లాడ్డం నేర్పే క్లాసు, మార్కులు సులువుగా వస్తాయి, మాటకి ముందు జడ కొస వేలికి చుట్టుకునే పిల్లకి నేను తీసి ఇచ్చిన క్లాసు అది.

ఆ పిల్ల భయపడి ఏడవలేదట. ఆ టీచరమ్మ మొన్న ఎండాకాలంలో పోయిందట, ఆవిడ మాటెత్తితే ఇప్పటికీ ఆ పిల్ల కళ్ళు నిండిపోతాయట, లెక్చరరు చెప్పాడు. ఒక్క మాట అడిగినా తెలిసేది. ఎవరమ్మా ఆ టీచరమ్మ, ఇప్పుడెలా ఉన్నారు అని మామూలు మనుషులు ఎవరైనా అడుగుతారే, కూరగాయలమ్మే మనిషి కూడా అడుగుతుందే, నేనడగలేదు, ఎందుకంటే నాకు ఏడుపులన్నీ తెలుసు. ఈ కుర్చీలో కూర్చుని ఎన్ని ఏడుపులు చూశాను, అన్నిటికీ ఒకటే కారణం, బరువు, అన్నిటికీ ఒకటే వైద్యం, బరువు తగ్గించడం. మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, ఒకసారి నా మాటలు విని, "మీ దగ్గరికొచ్చే వాళ్ళందరికీ ఒకటే మాత్ర ఇస్తున్నారండీ, మా షాపులో అలా చేస్తే తాళం వేసేస్తారు," అంది. నవ్వేశాను. నీకేం తెలుసు నా పని అన్నాను. ఏం తెలీకపోయినా సరిగ్గా చెప్పింది మహాతల్లి. ఇంతకీ నేను ఏ మేజర్ చదివానో, ఎందుకు చదివానో అడిగితే అసలు నవ్వాల్సింది అక్కడ. చేరిన రోజు వాన, పెద్ద హాల్లో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో బల్ల, బల్లకో క్యూ, తడిసిన చొక్కాతో వణుకుతూ నిలబడలేక అన్నిట్లోకీ పొట్టి క్యూలో దూరాను. అది చరిత్ర బల్ల. బావుంది, చదివాను, పాసయ్యాను, ఆ చదువుతోనే ఈ కుర్చీలోకొచ్చాను, తిండికి లోటు లేదు. కానీ పక్క క్యూ కాస్త కదిలి ఉంటే నేనేమయ్యేవాణ్ణో అని ఇప్పటికీ, తల దువ్వుకుంటున్నప్పుడో చెప్పులేసుకుంటున్నప్పుడో, ఊరికే గుండెలో కలుక్కుమంటుంది. నాకలా జరిగింది గనక పిల్లలకి జరగకూడదనే కదా ఈ ఉద్యోగంలోకొచ్చింది.

ఇంకా సున్నాయే. బయట వరండాలో ఎవరో పరిగెడుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు, పక్కగదిలోంచి ఇంకో అడ్వైజరు మేడమ్ గొంతు వినిపిస్తోంది, ఆవిడ ఎప్పుడూ గొంతు తగ్గించి మాట్లాడదు. "నీ మొహం, ఆ మార్కులతో అది తీసుకుంటావా, చస్తావ్!" అంటోంది ఎవరినో. దానికి ఆ పిల్లాడు, "చస్తే చస్తాను మేడమ్, అదే కావాలి," అంటున్నాడు. "సరే, చావు, సంతకం పెట్టు," అంటోంది. ఇన్నాళ్ళూ ఆ గోడ అవతలి పిల్లల్ని చూసి అయ్యోపాపం అనుకున్నాను. ఆ గదిలోంచి ఎర్రబడ్డ మొహాలతో వచ్చేవాళ్ళు, నా గదిలోంచి తేలిగ్గా నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు, తేడా చూడండి అనుకునేవాణ్ణి. నిజమే, తేడా ఉంది. ఆవిడతో పోట్లాడాలంటే తమకేం కావాలో ముందు వాళ్ళకి తెలియాలి, తెలిసింది గట్టిగా అనాలి. నాతో పోట్లాడేదేముంది, మెత్తగా ఉంటాను, ఎదురు చెబితే నేను నొచ్చుకుంటానని వాళ్ళకి జాలి. మా అమ్మాయి ఇదే కాలేజీలో చేరినప్పుడు నా గదికి రాలేదు, పక్కగది మేడమ్ దగ్గరికెళ్ళింది. ఇంట్లో వారం రోజులు మాట్లాడకుండా తిరిగాను, చివరికి ఉండబట్టలేక అన్నం దగ్గర అడిగేశాను. "నాన్నా, నేను నోరు తెరవకముందే నువ్వు తల ఊపుతావ్. నువ్వు దేనికి తల ఊపితే నేనదే చెప్పేస్తాను. అక్కడైతే ఆవిడ అరుస్తుంది, నాకు మొండిపట్టు వస్తుంది," అంది. పిల్లదానికి పొగరు అనుకున్నాను. మా ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ నవ్వు ఆపుకుంది. ఆ మాట ఆరోజే చెవికెక్కించుకోవాల్సింది.

పొద్దున్నుంచి కాదు, మధ్యాహ్నం నుంచీ ఫోను చేస్తున్నాను ఆ పిల్లకి. మొదట మోగింది, ఎత్తలేదు. ఒకసారి వచ్చి కలువమ్మా అని సందేశం పెట్టాను, చూసినట్టు కనబడింది, జవాబు లేదు. అంత ముక్తసరిగా ఎందుకు రాశాను నేను? కారణం రాయొచ్చు కదా? రాయను, మాకదో నియమం, పిల్లల చదువు సంగతి ఎదురుగా కూర్చోబెట్టుకునే మాట్లాడాలి గానీ ఫోన్లలో, నలుగురిలో మాట్లాడకూడదు. ఆ నియమం పెట్టినప్పుడు నేనే గట్టిగా చేతులు కలిపి చప్పట్లు కొట్టాను. అయినా సీటే లేనప్పుడు రాసి మాత్రం ఏం లాభం, ఆశపెట్టి లేదనిపించుకోవడం తప్ప, అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను, సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాడు లేడు. ఈ ఏడు ఆ క్లాసు తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. ఏడాదే కదా, మునిగిపోయిందేముంది అంటారు బయటివాళ్ళు. మునిగేదేమిటో నాకు తెలుసు. లెక్కల మేజర్లో మిగతా క్లాసులన్నిటికీ తాళం అదే, అది లేకపోతే రెండో సెమిస్టర్లో ఏదీ ఎక్కనివ్వరు, ఖాళీగా ఉంచలేం గనక ఇంకేవో పెడతాం, ఆ ఇంకేవో కాస్త బాగుంటాయి, స్నేహితులు ఏర్పడతారు, ఏడాది తిరిగేసరికి సార్, నేను దీంట్లోనే ఉండిపోతాను అంటారు. జారినవాళ్ళలో వెనక్కొచ్చినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరో ఇద్దరో. మిగతావాళ్ళు ఏడ్వరు, కోప్పడరు, ఉండిపోతారు అంతే.

ఒకటి. వచ్చింది, సున్నా పోయి ఒకటి వచ్చింది! ఎవడో దిగిపోయాడు, వాడి కడుపు చల్లగుండ. అడ్వైజరు తన పిల్లకోసం సీటు పట్టి ఉంచొచ్చు, కాసేపే, తర్వాత మళ్ళీ నొక్కాలి, నొక్కడం ఆపితే వదిలేస్తుంది, ఎవరు ముందు అందుకుంటే వాళ్ళది. పట్టాను. కానీ తీసుకోవాల్సింది ఆ పిల్లే, తన ఫోన్లో తను ఒప్పుకుంటేనే సీటు. తీసెయ్యడానికి నా చెయ్యొక్కటే సరిపోయింది, ఇవ్వడానికి మాత్రం నా చెయ్యి చాలదు, ఎవరు పెట్టారో ఈ రూలు. ఫోను చేశాను, మోగలేదు, కట్టేసి ఉంది. మళ్ళీ చేశాను. ఈ సమయంలో ఫోను కట్టేసుకుని ఎక్కడ చచ్చావే తల్లీ అని పైకే అనేశాను, అని అలాగే ఆగిపోయాను. ఎక్కడేమిటి. నాలుగు నుంచి ఐదు, రుజువుల క్లాసు. ఎదుటి భవనం, పై అంతస్తు. లెక్చరరు గదిలో ఫోన్లు మోగనివ్వడు, అందరూ కట్టేసుకోవాల్సిందే. ఆ పిల్ల తనది కాని క్లాసులో కూర్చుని ఉంది గనక ఆ క్లాసులో సీటొచ్చిందని చెప్పడానికి దొరకడం లేదు. క్లాసయ్యేది ఐదింటికి, కోర్సుల మార్పులు మూసేదీ ఐదింటికే.

అటెండరమ్మని కేకేశాను. పెద్దావిడ, నాకన్నా ముందు నుంచీ ఇక్కడ పనిచేస్తోంది, ఏ గది తాళం ఏదో చీకట్లో కూడా చెప్పగలదు. అమ్మా, ఎదురు బిల్డింగు పైన రుజువుల క్లాసు, వెనక బెంచీలో జడ ముందుకేసుకున్న అమ్మాయి, అడ్వైజర్ సార్ పిలుస్తున్నారు, వెంటనే రమ్మను అన్నాను. ఇంకేమైనా చెప్పాలా అంది. వద్దు, అంత చాలు అన్నాను. చూడండి నా తెలివి, ఆ క్షణంలో కూడా నియమం గుర్తుంది నాకు. ఆవిడ వెళ్ళింది. నేను నొక్కుతూ కూర్చున్నాను. కాసేపాగి, నొక్కి, కాసేపాగి, నొక్కి. కిటికీలోంచి ఆవిడ ఆవరణ దాటడం కనబడుతోంది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని నడుస్తోంది, కాస్త పరిగెత్తొచ్చు కదమ్మా అనుకుని, ఛీ, ఆవిడ మోకాళ్ళు చూశావా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కళ్ళజోడు మసకగా ఉంది, తుడుచుకున్నాను. ఈ కళ్ళజోడు చేసిచ్చినవాడు గుర్తొచ్చాడు. పోయినేడాది షాపులోకెళితే కౌంటరు వెనకనుంచి సార్ అంటూ లేచాడు, గుర్తుపట్టారా అన్నాడు, పట్టలేదు, పట్టినట్టు నవ్వాను. అద్దం గుడ్డతో తుడుస్తూ చెప్పాడు, మీ దగ్గరికొచ్చినప్పుడు నక్షత్రాల శాస్త్రం చదువుతానన్నాను సార్, మీరే మంచి దారి చూపించారు, లేకపోతే ఏమైపోయేవాణ్ణో. చేతులు పట్టుకున్నాడు. ధర తగ్గించబోతే నేనొప్పుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి ఎంత గొప్పగా చెప్పుకున్నానో. వాడు వెటకారమాడలేదు, మనసారా అన్నాడు, ఆ మాట నిజమే అయ్యుండొచ్చు కూడా. కానీ నేను వెళ్ళొస్తుంటే వాడు అద్దాన్ని దీపానికెత్తి ఒక కన్ను మూసి చూశాడు, చాలాసేపు చూశాడు, గీతలేమైనా ఉన్నాయేమోనని చూస్తున్నాడనుకున్నాను. వాడి ఇష్టమేమిటో నేను ఎంతసేపు విన్నాను ఆ రోజు? విన్నానా అసలు?

అటెండరమ్మ ఒక్కతే వస్తోంది. ఒక్కతే. ఆవరణలో ఆవిడ పక్కన ఎవరైనా ఉన్నారేమోనని లేచి చూశాను, లేరు. తలుపు దగ్గర నిలబడి రొప్పుతూ, "రానందండీ. క్లాసయ్యాక వస్తానందండీ," అంది. రానందా? "మొహం పాలిపోయింది సార్, మీ పేరు చెప్పగానే. తల అడ్డంగా ఊపేసి మళ్ళీ రాసుకోడం మొదలెట్టింది." నేనక్కడే తప్పుగా అర్థం చేసుకున్నాను. లెక్క మధ్యలో ఉంది కాబోలు, లేవబుద్ధి కాలేదు కాబోలు, ఆహా, ఎంత శ్రద్ధ అనుకున్నాను, ఆ కంగారులో కూడా ఒక రవ్వంత సంతోషపడ్డాను. మొహం ఎందుకు పాలిపోయిందో అప్పుడైనా ఆలోచించాలా వద్దా. గడియారం చూస్తే ఐదు దగ్గరపడుతోంది. "అమ్మా, నువ్వు ఈ కుర్చీలో కూర్చో. ఇదిగో, ఇక్కడ. ఇది మసకబారబోతుంటే ఇది నొక్కు. ఆపకు. ఎవరొచ్చినా లేవకు," అన్నాను. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, వేలు సాచి, "నొక్కుతూ ఉండటమేగా. ఈ చెయ్యి లాగితే ఆ చేత్తో నొక్కుతాను, మీరెళ్ళండి," అంది. వెళ్ళాను. పరిగెత్తానని చెప్పాలి గానీ నా పరుగు చూసినవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. ఆవరణలో పిల్లలు పక్కకి తప్పుకున్నారు, ఎవరో సార్ జాగ్రత్త అన్నారు, ఎవరో బాబాయికేమైందిరా అన్నారు. మెట్లు. ఈ మెట్లెక్కి ఎన్నాళ్ళయింది, ఈ క్లాసులన్నీ కాగితం మీద ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చానో, ఒక్క క్లాసులోనైనా వెళ్ళి వెనక కూర్చుని అక్కడేం జరుగుతుందో చూశానా, లేదు, బరువు, తేలిక, పొద్దున, సాయంత్రం, ఇవే నాకు తెలిసినవి. మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను, ఊపిరి అందలేదు, కింద అటెండరమ్మ వేలు నొప్పిపుడుతూ ఉంటుంది, మళ్ళీ ఎక్కాను.

తలుపుకి గాజు పలక ఉంది. లోపల లెక్చరరు వీపు, బోర్డు నిండా తెల్లటి గీతలు, వరుసలు వరుసలుగా తలలు, వెనక బెంచీలో ఆ పిల్ల. జడ వెనక్కి వేసుకుని ఉంది. నా గదిలో కూర్చున్నప్పుడు ఆ భుజాలు ఎలా ముడుచుకుపోయాయో, ఇక్కడ అలా లేవు. పెదాలు కదులుతున్నాయి, బోర్డు మీదున్నది తనలో తను చెప్పుకుంటోంది, ఒకచోట ఆగి ఊహూ అన్నట్టు తల తిప్పింది, మళ్ళీ చూసి, ఆఁ అన్నట్టు నవ్వింది. ఎవరికీ కాదు ఆ నవ్వు. అబ్బ, ఎంత బాగుందో. ఆ మొహాన్ని నేను అంతవరకూ చూడనే లేదు. తలుపు తోశాను. లెక్చరరు తిరిగాడు, తలలన్నీ తిరిగాయి, ఆ పిల్ల నన్ను చూసింది. చూడగానే లేచి నిలబడి పుస్తకాలు దగ్గరికి లాక్కోవడం మొదలుపెట్టింది, గబగబా, కలం కింద పడితే తియ్యకుండానే, బ్యాగు భుజాన వేసుకుని బెంచీ పక్కనుంచి వచ్చేస్తూ, "వెళ్ళిపోతున్నాను సార్. ఊరికే కూర్చున్నాను, అంతే. ఇంకెప్పుడూ రాను సార్," అంది.

నన్నెవరో లాగి చెంపమీద కొట్టినట్టైంది. బయటికి గెంటడానికి వచ్చాననుకుంది. ఇన్ని మెట్లెక్కి, రొప్పుతూ, తనని అక్కణ్ణుంచి లేపడానికే వచ్చాననుకుంది. మధ్యాహ్నం ఫోను ఎత్తకపోవడం, మొహం పాలిపోవడం, రాననడం, అన్నీ అందుకే. "అది కాదమ్మా," అన్నాను, ఊపిరి లేక ఇంకో మాట రాలేదు. లెక్చరరు గడియారం వంక చూసి, నా వంక చూసి, "సీటొచ్చిందా?" అన్నాడు. తల ఊపాను. "అమ్మాయ్, ఫోను ఆన్ చెయ్యి, త్వరగా," అన్నాడు. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు, నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. నీకీ క్లాసులో సీటొచ్చింది, పట్టి ఉంచాను, నువ్వు ఒప్పుకుంటే చాలు, ఐదవకముందే, అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఫోను తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో, దాని తయారీదారుడి ఏడు తరాలనీ తిట్టుకున్నాను. తెరుచుకుంది. సీటు కనబడింది. ఇంకా ఉంది, అటెండరమ్మ చేతులు చల్లగుండ, ఇంకా ఉంది. ఒప్పుకుంటున్నారా అని అడుగుతోంది. బొటనవేలు దాని మీదికి తీసుకెళ్ళి ఆ పిల్ల ఆపేసింది. ఆపి నా వంక చూసింది. నేను ఈసారి ఏమీ చెప్పకూడదనుకున్నాను, తల ఆడించకూడదు, నవ్వకూడదు, ఇది తనే తీసుకోవాలి, తన చేత్తో తనే, అనుకుని కొయ్యలా నిలబడ్డాను. అది చూసి తను వేలు వెనక్కి తీసేసుకుంది. "వద్దులెండి సార్, మీకు ఇష్టం లేకపోతే," అంది. ముందు బెంచీలో ఎవరో నొక్కు నొక్కు అంటున్నారు, లెక్చరరు సుద్దముక్క గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "నొక్కమ్మా! నా తల్లివి కదూ, నొక్కు! నాదే తప్పు, అది నీదే, నొక్కు!" అని అరిచేశాను, ఈ ఉద్యోగంలో నేను అరిచిన మొదటి అరుపు. నొక్కింది.

వచ్చింది. పేరు పడింది. లెక్చరరు వచ్చి ఫోన్లోకి తొంగి చూసి, సరే కూర్చో, ఇంకో రెండు మెట్లున్నాయి, అని బోర్డు వైపు తిరిగిపోయాడు. పిల్లలు గుసగుసలాడుతూ సర్దుకున్నారు. ఎవరో కింద పడ్డ కలం తీసిచ్చారు. నేను గడప దగ్గర తలుపు పట్టుకుని నిలబడ్డాను, ఏదైనా అంటుందేమోనని, థాంక్స్ అంటే వద్దమ్మా అందామని. ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్ళ సంగతి నాకు టీ దగ్గర చెప్పేవాళ్ళు లేక ఎక్కడెక్కడ ఉండిపోయారో, వాళ్ళ కోసం ఏ మెట్లెక్కాలో నాకు తెలియదు. ఆ పిల్ల కూర్చోలేదు. బ్యాగు భుజాన అలాగే ఉంది. రెండడుగులు నా దగ్గరికొచ్చి, మిగతావాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించి, "ఇంక తియ్యరుగా సార్?" అంది. తియ్యనమ్మా అన్నాను. గట్టిగా అనాలనుకున్నాను గానీ లెక్చరరు అప్పటికే పాఠం మొదలుపెట్టేశాడు, నా మాట గొణుగుడులా వచ్చింది. ఆ పిల్ల నమ్మాలో వద్దో తెలియక నా మొహంలోకి చూస్తూ నిలబడి, మళ్ళీ అడిగింది.